మంద ఊరు దాటకముందే టీకా

(తెరపై: తెల్లవారుజామున గొర్ల దొడ్డి. కాపరి కంచె తీస్తున్నాడు.)

నమస్తే. జీవాలు పెంచే మన అన్నలకు, అక్కలకు ఈ వీడియో. 2019 పశుగణనలో తెలంగాణలో గొర్లు దాదాపు 1.90 కోట్లు ఉన్నాయి, దేశంలో మనమే మొదటి స్థానం. ఆ లెక్కలో ఉమ్మడి పాలమూరు మందలది పెద్ద వాటా.

మందలో జబ్బు వస్తే పశువుల డాక్టరు వచ్చి సూది వేస్తారు. కొన్నిసార్లు ఆయనతో ఎపిడెమియాలజిస్టు కూడా వస్తారు. జబ్బు ఎక్కడ మొదలైంది, ఎటు పోతోంది అని వెతకడం వీళ్ల పని. వచ్చీ రాగానే ప్రశ్నలే ప్రశ్నలు. ‘మొదట పడింది పిల్లనా, పెద్దదా? వారం కింద ఎక్కడ మేపినవ్? సంతల కొత్తవి కొన్నవా? నీళ్లకాడ వేరే మంద కలిసిందా?’

జీవాలు చస్తుంటే ఈ ముచ్చట్లేందని కాపరికి కోపం రావడం సహజం. కానీ జబ్బు పేరు చాలాసార్లు ఆ జవాబుల్లోనే దొరుకుతుంది. తొలకరికి మొలిచిన లేత గడ్డి మేశాక, బాగా బలిసిన పిల్లలే ఉన్నట్టుండి పడిపోతుంటే చిటుకు రోగాన్ని అనుమానిస్తారు. పేగుల్లోని బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి విషం వదలడం వల్ల వచ్చేది అది. పక్క గొర్రెకు అంటదు. ఆ మేత మాన్పించాలి, వానలకు ముందే టీకా వేయించాలి.

చిన్నా పెద్దా తేడా లేకుండా జ్వరం, కళ్లూ ముక్కూ కారడం, నోట్లో పుండ్లు, ఆ తర్వాత పారుడు కనిపిస్తే పీపీఆర్ అనే వైరస్ జబ్బు కావచ్చు. పెబ్బేరు లాంటి పెద్ద సంతలో కొన్న జీవాలు మందలో కలిసి వారం కూడా కాలేదంటే అనుమానం ఇంకా బలపడుతుంది. ఇది మనుషులకు రాదు కానీ జీవాలు ఒకదానికొకటి దగ్గరగా తిరిగితే చాలు, అంటుకుంటుంది.

(తెరపై: పాలమూరు నుంచి నల్లగొండ ఆయకట్టు మీదుగా కృష్ణా తీరం వైపు గీసిన బాణం గుర్తులు.)

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఈ మ్యాపు. పంట కోతలయ్యాక మన మందలు మేత కోసం బయలుదేరి, సాగర్ ఎడమ కాలువ కింది పొలాల దాకా, ఇంకా ముందుకూ పోతాయి. రైతులు ఎరువు కోసం పొలంలో మంద పెట్టించుకుంటారు. మళ్లీ వానలకే ఇంటిదారి. ఈ మధ్యలో టీకాల బృందం ఊరికి వస్తే? ఊళ్లో ఉన్న ప్రతి జీవానికీ సూది పడుతుంది, రిజిస్టరు నిండుతుంది. ఎక్కువ దూరం తిరిగే, ఎక్కువ మందలతో కలిసే మంద మాత్రం మిగిలిపోతుంది! టీకా బాగాలేదని తిట్టుకుంటాం గానీ, చాలా చోట్ల అసలు లోటు ఇదే. అందుకే ఊరివారీ జాబితా ఒక్కటే సరిపోదు, మంద నడిచే దారి ప్రకారం టీకా తేదీ పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

పీపీఆర్‌ను పూర్తిగా తుడిచేయడం సాధ్యమే. దానికి దగ్గరి చుట్టమైన, ఆవులు గేదెలకు వచ్చే రిండర్‌పెస్ట్ జబ్బు మన దేశంలో 1995 తర్వాత కనిపించలేదు, 2011లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. పీపీఆర్‌కు 2030 గడువు పెట్టుకున్నారు. మన దేశంలో తయారైన టీకా ఒక్క డోసుతో సుమారు మూడేళ్లు కాపాడుతుంది. అయితే మందలో ఏటా కొత్త పిల్లలు పుడుతుంటాయి కదా, వాటికి మూడు నాలుగు నెలలు నిండాక వేయించాలి. అంతకంటే ముందు వేస్తే తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ టీకాను పనిచేయనివ్వదు.

సూది వేస్తే చూడి గొర్రెలు ఈసుకుపోతాయని, అంటే కడుపు పోతుందని చాలామందికి భయం. నెలలు నిండిన గొర్రెను తరిమి, కాళ్లు పట్టి పడేస్తే ఆ ప్రమాదం ఉంటుంది. మెల్లగా పట్టుకోండి. ఈ టీకా చల్లగా ఉండాలి, కలిపాక గంటా రెండు గంటల్లో అయిపోవాలి. అందుకే పొద్దెక్కకముందే రమ్మంటారు.

(తెరపై: 1962)

వలస దారిలో జబ్బు కనిపిస్తే పశువైద్య సహాయ నంబరు 1962కి ఫోన్ చేయండి. జబ్బు పడ్డదాన్ని సంతకు తోలకండి, వేరుగా కట్టేయండి. చచ్చిన జీవం కంటే, అప్పుడే జ్వరం మొదలైన జీవం నుంచి తీసిన శాంపిల్‌తో జబ్బు త్వరగా తేలుతుంది. కొత్తగా కొన్నవాటిని మూడు వారాలు మందలో కలపకండి. ఈసారి బయలుదేరే తేదీ అనుకున్నారంటే, దానికి కనీసం మూడు వారాల ముందే మీ ఊరి పశువైద్యశాలలో చెప్పి టీకా వేయించుకోండి.