డయల్ మీద పేరు చూసి ఆగిపోకండి: తాతల నాటి జేబు గడియారం

హోస్ట్: నమస్కారమండీ. తాతల నాటి గొలుసు వాచీ ఇంట్లో ఉంది, అదేం వాచీ, ఎంత చేస్తుంది అని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఈసారి మా బాబాయ్‌ని కూర్చోబెట్టాను. రాజమండ్రిలో వాచీ రిపేరు షాపు నడిపారు, ఇప్పుడు పాత కీ వాచీలు మాత్రమే చూస్తున్నారు. బాబాయ్, మా అమ్మవైపు ముత్తాతగారి వాచీ కూడా తెచ్చాను.

బాబాయ్: ఇలా ఇవ్వమ్మా. దీనికి ఈమధ్య పాలిష్ గానీ పెట్టించారా?

హోస్ట్: లేదు. పెట్టిద్దామని అమ్మ అంటే నేనే వద్దన్నాను.

బాబాయ్: మంచి పని చేశావు. కొనేవాళ్లు ముందు చూసేది అంచులే. మూత మీద చెక్కిన లతలు పదునుగా ఉన్నాయా, అరిగి చదునైపోయాయా అని. పాలిష్ చక్రం కింద ఒక్కసారి పెడితే ఆ పదును పోతుంది, మళ్లీ తెప్పించలేం. నల్లబడితే నష్టమేమీ లేదు. మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

హోస్ట్: డయల్ మీద "పి. ఆర్ అండ్ సన్స్, మద్రాస్" అని ఉంది. అంటే మద్రాసులో తయారైందా?

బాబాయ్: చాలామంది అలాగే అనుకుంటారు. పి. ఆర్ అండ్ సన్స్ అంటే మౌంట్ రోడ్డులో పేరున్న షాపు, 19వ శతాబ్దం నుంచీ ఉంది. స్విట్జర్లాండ్ నుంచో ఇంగ్లండ్ నుంచో వాచీలు తెప్పించి, డయల్ మీద తమ పేరు వేయించి అమ్మేవాళ్లు. వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ సంగతీ అంతే. 1886లో బొంబాయిలో మొదలైంది, సరుకంతా స్విస్‌ది. ఒక వెస్ట్ ఎండ్ వాచీ తెరిస్తే లోపల లాంజిన్స్ అనే పేరున్న స్విస్ కంపెనీ మిషను ఉండొచ్చు, ఇంకోదాంట్లో మామూలు రకం ఉండొచ్చు. డయల్ మీద పేరు ఒకటే, ధరలో మాత్రం చాలా తేడా. డయల్ మీది పేరు ఎవరు అమ్మారో చెబుతుంది. ఎవరు చేశారో తెలియాలంటే వెనక మూత తియ్యాలి.

హోస్ట్: మరి తీద్దామా? శ్రోతలకు కూడా ఎలా తీయాలో చెప్పండి.

బాబాయ్: చెబుతాను, కూరగాయల కత్తి మాత్రం పట్టుకురావద్దు. వాచీని పక్కకి తిప్పి అంచు చూడు. మూత కలిసేచోట గోరు పట్టేంత చిన్న పెదవి కనిపిస్తోందా? బొటనవేలి గోరు అక్కడ పెట్టి పైకి ఎత్తాలి. పెదవీ కీలూ కనిపించకపోతే అది మరమూత. రెండు అరచేతుల మధ్య పట్టుకుని గడియారం తిరిగే దిక్కుకి ఎదురుగా తిప్పాలి. ఎంతకీ రాకపోతే బలవంతం చెయ్యొద్దు, రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఇంకో మాట. ముందు కూడా మూత ఉండే వాచీ అయితే దాన్ని టప్‌మని మూయకూడదు. పైన కీ బొడిపె నొక్కి పట్టుకుని, మూత ఆనించి, అప్పుడు బొడిపె వదలాలి. అలా చేయకే పాతవాటిలో సగానికి పైగా గొళ్లెం అరిగిపోయి మూతలు నిలవవు.

హోస్ట్: ఇదిగో, తెరుచుకుంది. లోపల ఇంకో మూత ఉంది బాబాయ్. దాని మీద ఏదో ఫ్రెంచిలో రాసుంది. "ఆంక్ర్, 15 రూబీ, స్పిరాల్ బ్రెగే". బ్రెగే అంటే చాలా పెద్ద కంపెనీ కదా?

బాబాయ్: కంపెనీ పెద్దదే, ఇది మాత్రం ఆ కంపెనీ వాచీ కాదు. ఆ మాటలన్నీ లోపల ఏ రకం పనితనం ఉందో చెప్పేవి. ఆంక్ర్ అంటే లీవర్ రకం మిషను. సిలాండ్ర్ అని ఉంటే అంతకంటే పాత రకం, చౌక రకం. 15 రూబీ అంటే ఇరుసులు తిరిగేచోట 15 కెంపు రాళ్లు పొదిగారని. బ్రెగే స్పైరల్ అంటే పైకి వంచిన వెంట్రుక స్ప్రింగు. వీటిని కంపెనీ పేర్లనుకుని నెట్లో వెతికితే కోట్ల ధరలు కనిపిస్తాయి, ఇక ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలు.

హోస్ట్: ఈ బయటి మూత లోపలివైపు చిన్న చిన్న ముద్రలున్నాయి. భూతద్దం పెడితే గానీ కనిపించడం లేదు. 0.935 అని ఉంది, దాని పక్కన మూడు జంతువులు.

బాబాయ్: ఎలుగుబంట్లమ్మా అవి. చాలా బాగుంది. 1880లో స్విస్ ప్రభుత్వం బంగారం, వెండి వాచీల కేసుల మీద, అంటే బయటి తొడుగుల మీద, ముద్రలకు చట్టం తెచ్చింది. 0.800 వెండికి అడవికోడి బొమ్మ, 18 క్యారెట్ల బంగారానికి ఆడమనిషి తల, 14 క్యారెట్లకు ఉడుత. ఈ 0.935, అంటే వెయ్యి పాళ్లలో 935 పాళ్లు వెండి, దాంతోపాటు మూడు ఎలుగులు 1887లో బ్రిటిష్ చట్టం మారాక వచ్చాయి. అంటే మీ వాచీ అంతకంటే ముందుది కాదు. ఇంగ్లండులో చేసిన కేసయితే నడిచే సింహం ఉంటుంది. దాని పక్కన లంగరు ఉంటే బర్మింగ్‌హామ్, చిరుతపులి తల ఉంటే లండన్. ఇంకో అక్షరం కూడా ఉంటుంది, దాన్నిబట్టి ఏ సంవత్సరం ముద్రో చెప్పేయొచ్చు.

హోస్ట్: బంగారంలా మెరిసేవాటి సంగతి?

బాబాయ్: ఇక్కడే మనవాళ్లు ఎక్కువ నష్టపోతారు. మూత లోపల "20 సంవత్సరాల వారంటీ" అని ఇంగ్లీషులో ఉంటే అది గట్టి బంగారం కాదు. ఇత్తడి మీద బంగారు రేకు అతికించింది, ఆ రేకు అరగకుండా అన్నేళ్లు ఉంటుందని హామీ. గీటురాయి మీద గీస్తే పై రేకే గీటు పడుతుంది కాబట్టి బంగారమనే అనిపిస్తుంది. అంచుల దగ్గర, గొలుసు రాసుకునేచోట చూడండి, ఇత్తడి బయటపడి ఉంటుంది.

హోస్ట్: ఇక అసలు మిషను.

బాబాయ్: లోపలి మూత కూడా తియ్యి. ఇదిగో ఇక్కడ ఒక స్విస్ క్రాసు, పక్కన నంబరు. ఇది పేటెంట్ నంబరు. స్విట్జర్లాండులో పేటెంట్ చట్టం వచ్చిందే 1888లో, కాబట్టి ఇది ఆ తర్వాతదే. ఈ నంబరును సీరియల్ నంబరు అనుకోకూడదు. అమెరికా వాచీలైతే, అంటే వాల్తామ్, ఎల్జిన్ లాంటివి, పని ఇంకా తేలిక. మిషను మీది సీరియల్ నంబరు కొడితే ఏ ఏడాదిదో నెట్లోనే తెలుస్తుంది. కేసు మీది నంబరు వాడొద్దు, అక్కడ కేసులు వేరే కంపెనీలు చేసేవి. లాంజిన్స్ అయితే పాత రిజిస్టర్లు దాచింది. నంబరు పంపితే ఏ తేదీన ఏ దేశం ఏజెంటుకి వెళ్లిందో చెబుతారు.

హోస్ట్: వెనక రైలింజను బొమ్మ ఉంది, మా తాతగారు రైల్వేలో చేసేవారు, కాబట్టి ఇది రైల్వే వాచీయే అని ఒకాయన రాశారు.

బాబాయ్: ఇంజను బొమ్మ చూసి రైల్వే వాచీ అనుకోకూడదు. రాస్కాఫ్ రకం అని 1867 నుంచీ వచ్చాయి, కూలీనాలీ కూడా కొనుక్కోగలగాలని చేసిన వాచీలు. అలాంటి చౌకవాటి మీద ఇంజను బొమ్మలు బోలెడు. రైల్వే ఇచ్చిన వాచీ అయితే సాధారణంగా కంపెనీ పేరు పొడి అక్షరాల్లో చెక్కి, పక్కన ఒక నంబరు వేసేవాళ్లు. మన ప్రాంతంలో ఆ అక్షరాలతోనే కాలం తెలుసుకోవచ్చు. ఎం.ఎస్.ఎం. అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, అది 1908 నుంచి 1951 దాకా ఉంది. ఎన్.జి.ఎస్.ఆర్. అంటే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. 1930లో నిజాం ప్రభుత్వం దాన్ని కొనేశాక పేరులోంచి జి పోయి ఎన్.ఎస్.ఆర్. అయింది. అలాంటి వాచీతో పాటు తాతగారి సర్వీసు కాగితం, యూనిఫాంలో ఫోటో ఉంటే, ఆ మూడూ ఒక్కచోట ఉంచండి. విడదీస్తే దేనికీ అంత విలువ ఉండదు.

హోస్ట్: కథకి కూడా అంత విలువ ఉంటుందా?

బాబాయ్: రుజువున్న కథకి ఉంటుంది. 2009లో న్యూయార్క్‌లో గాంధీగారి వస్తువులు వేలం వేశారు. జెనిత్ జేబు గడియారం, కళ్లజోడు, చెప్పులు, గిన్నె, పళ్లెం కలిపి 18 లక్షల డాలర్లు పలికాయి. ఆయన వాడినవి కాకపోతే అంత పలికేవా? మీ ముత్తాతగారి పేరు, ఊరు, ఏం పని చేసేవారు, వాచీ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, ఇవన్నీ మీ అమ్మమ్మని అడిగి ఇప్పుడే ఫోన్లో రికార్డు చెయ్యి. వాచీని ఎప్పుడైనా తెరిచి చూడొచ్చు, ఆమెకి గుర్తున్నవి మాత్రం ఆమే చెప్పాలి.

హోస్ట్: చేస్తాను బాబాయ్. మరి ధర? మా మేనమామలు ముగ్గురు. పంపకాల్లో దీనికి ఒక లెక్క కట్టాలంటున్నారు.

బాబాయ్: మూడు ధరలుంటాయమ్మా. ఒకటి లోహం ధర. మిషను తీసి కేసు ఒక్కటే తూయాలి. 40 గ్రాములుందనుకో, 0.935 కాబట్టి అందులో వెండి 37.4 గ్రాములు, దాన్ని ఆ రోజు రేటుతో గుణించాలి. ఇంతకంటే తక్కువకి ఎవరడిగినా ఇవ్వొద్దు. రెండోది సేకరించేవాళ్లు ఇచ్చే ధర. నెట్లో అమ్మేవాళ్లు పెట్టుకున్న రేటు చూడకూడదు, అమ్ముడుపోయినవి వేరే చూపిస్తారు, అవి చూడాలి. అదే మిషను, అదే కేసు, డయల్‌కి పగులు ఉందా లేదా, ముళ్లు అసలైనవేనా అని పోల్చుకోవాలి. మూడోది ఇన్సూరెన్సుకి రాయించే ధర. అలాంటిది మళ్లీ కొనాలంటే ఎంతవుతుందో అది, అందుకే ఎక్కువుంటుంది. పంపకాలకి రెండోది వాడాలి. కొనే ఉద్దేశం లేనివాళ్లతో రాయించండి. అంచనా కట్టినవాడే కొంటానంటే ఆ కాగితం పనికిరాదు.

హోస్ట్: కీ ఇస్తే తిరుగుతోంది కూడా. రోజూ పెట్టుకోవచ్చా?

బాబాయ్: ఇప్పుడే వద్దు. లోపల నూనె ఎండి జిగురైపోయి ఉంటుంది. అలాగే నడిపిస్తే ఇరుసులు అరుగుతాయి. ఒకసారి విప్పి, కడిగి, నూనె వేయించాక పెట్టుకో. రేడియం ముళ్లున్న వాచీలైతే అద్దం మీరు తీయొద్దు, ఆ పొడి ఊపిరితో లోపలికి వెళ్తే ప్రమాదం. చీకట్లో ఇప్పుడు వెలగకపోయినా రేడియం అందులో ఉన్నట్టే.

హోస్ట్: చివరిగా ఒకటి. డల్లాస్ నుంచి ఒకావిడ, సంక్రాంతికి వచ్చి వాళ్ల నాన్నగారి వాచీ తీసుకెళ్లిపోవచ్చా అని అడిగారు.

బాబాయ్: వందేళ్లు దాటిన వస్తువులకి 1972 పురావస్తువుల చట్టం వర్తించొచ్చు. పురావస్తువైతే దేశం దాటించడం నేరం. అందుకని బయల్దేరే ముందే పురావస్తు శాఖకి, అంటే ఏఎస్ఐకి, ఫోటోలతో దరఖాస్తు పెట్టి, ఇది పురావస్తువు కాదనే సర్టిఫికెట్ తీసుకోవాలి. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు అడిగాక వెతుక్కుంటే కుదరదు. టికెట్టు కొన్నప్పుడే ఆ పని మొదలుపెట్టమను. వాచీ ముందు, వెనక, రెండు మూతల లోపల, మిషను, అన్నీ ఫోటోలు తీసుకుంటే ధర కట్టించుకోవడానికి కూడా అవే పనికొస్తాయి.