కనెక్షన్ ఇచ్చిన మరునాడు

వేదిక మీదున్న పెద్దలకు, ఈ సమావేశం ఏర్పాటు చేసిన డీలర్ల సంఘం బాధ్యులకు, దుకాణం మరొకరికి అప్పగించి ఇక్కడికి వచ్చిన తోటి డీలర్లకు, సేల్స్ సిబ్బందికి, టెక్నీషియన్లకు నమస్కారం. టెక్నీషియన్లకు మరోసారి నమస్కారం. మన సమావేశాలకు వాళ్లను పిలవడం అరుదు. నేను చెప్పబోయేదంతా వాళ్ల పని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి వెనుక నిలబడ్డవారు ముందు వరుసల్లోకి వచ్చి కూర్చుంటే సంతోషిస్తాను. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, రండి.

నాకు ఇచ్చిన అంశం “ఫైబర్ ఇంటర్నెట్ అమ్మకాల్లో స్వతంత్ర డీలర్ల ఎదుగుదల మార్గాలు”. ఉదయం నుంచి మాట్లాడినవారు కొత్త ఆర్డర్లు ఎలా తేవాలో చెప్పారు. ఇంటింటికీ తిరగడం, ప్రకటనలు, పాత ఖాతాదారుల ద్వారా కొత్తవారిని రాబట్టడం, అన్నీ పనికొచ్చే మాటలే. నేను వాటిని కాదనను. కానీ ముందు ఒక ప్రశ్న. నిరుడు మీరు ఇచ్చిన కనెక్షన్లలో ఈ రోజుకు ఎన్ని నడుస్తున్నాయో కచ్చితంగా చెప్పగలిగినవాళ్లు చేతులెత్తండి. ఈ నెల ఎన్ని ఆర్డర్లు తెచ్చారని అడిగితే మనం నిద్రలో లేపినా చెబుతాం. ఎన్ని నిలిచాయన్నది మాత్రం కంపెనీ పంపే స్టేట్‌మెంట్‌లో కమిషన్ కోత, అంటే ఖాతాదారు గడువులోపు మానేస్తే ఇచ్చిన కమిషన్‌ను వెనక్కి తీసుకోవడం, కనబడినప్పుడే గుర్తొస్తుంది.

ఒక లెక్క వేద్దాం. ఇది ఉదాహరణకు వేసిన లెక్క, మీ అంకెలు పెట్టి మీరు మళ్లీ వేసుకోండి. ఒక డీలర్ నెలకు 40 కొత్త కనెక్షన్లు ఇస్తాడు. ఉన్న ఖాతాదారుల్లో నెలకు నూటికి ఐదుగురు మానేస్తారు. ఖాతాదారులు 800 మందికి చేరేసరికి నెలకు 40 మంది వస్తారు, 40 మంది పోతారు. ఇక చెప్పులరిగేలా తిరిగినా ఆ 800 దాటడు. మరో డీలర్ నెలకు 25 మాత్రమే ఇస్తాడు, కానీ అతని దగ్గర మానేసేవారు నూటికి ఇద్దరే. అతను 1250 దాకా పెరుగుతాడు. తక్కువ అమ్మినవాడి దగ్గరే ఎక్కువ మంది నిలుస్తారు. నెలనెలా వచ్చే కమిషన్ మీద బతికే మనకు ఇంతకన్నా పెద్ద వ్యూహం నాకు తెలిసి లేదు.

ఈ లెక్క నా తలకెక్కడానికి కారణం ఒక ఇల్లు. కొంచెం వివరంగానే చెబుతాను, ఓపిక పట్టండి.

ఒకావిడ ఇంటి నుంచే చిన్న సంస్థలకు జమాఖర్చులు చూస్తారు. రెండంతస్తుల ఇల్లు, పై గదిలో ఆవిడ ఆఫీసు. మా ద్వారా సెకనుకు 500 మెగాబిట్ల ప్లాన్ తీసుకున్నారు. లైన్ వేసింది కంపెనీ పంపిన కాంట్రాక్టు మనుషులు, ఆ పని మా చేతిలో లేదు. కొన్ని వారాలకే ఆవిడ కాల్ సెంటర్‌కు ఫోను చేసి రద్దు చేయమన్నారు. కారణం రాసే చోట “వేగం చాలడం లేదు” అని రాసుకున్నారట. మాకు ఎవరూ కబురు చేయలేదు. నెలాఖరు స్టేట్‌మెంట్‌లో, మాకిచ్చిన కమిషన్ మొత్తం వెనక్కి తీసుకున్నట్టు ఒక వరుస కనబడింది. అంతే.

మా టెక్నీషియన్ ఉండబట్టలేక ఆ ఇంటికి వెళ్లాడు. లైన్ ఇంకా తీసేయలేదు. పెట్టెలు ఎక్కడున్నాయని అడిగితే ఆవిడ మెట్ల కిందికి చూపించారు. అక్కడ ఇనుప తలుపుల అర ఒకటి ఉంది. తలుపు తీస్తే పాత ఫైళ్ల కట్టల వెనుక ఓఎన్‌టీ (ఫైబర్‌లో వచ్చే వెలుగును ఇంటర్నెట్ సంకేతంగా మార్చే పెట్టె), రౌటర్ రెండూ ఉన్నాయి. కేబుల్ దూర్చడానికి ఆ గోడే దగ్గరని అక్కడే బిగించి వెళ్లిపోయారు. మావాడు ల్యాప్‌టాప్‌ను వైరుతో నేరుగా రౌటర్‌కు కలిపి చూస్తే 480 దాటింది. పై గదికి వెళ్లి వైఫైలో చూస్తే 30 కూడా రాలేదు. అంటే ఫైబర్ తెచ్చిన వేగమంతా ఆ ఇనుప తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆవిడ అన్న మాట మావాడు నాకు అలాగే చెప్పాడు: “లైన్ వేసినవాళ్లు సంతకం పెట్టించుకుని వెళ్లారు. ఆ తర్వాత ఎలా ఉందమ్మా అని అడిగినవాళ్లు లేరు. ఇది ఇంతే కాబోలు అనుకున్నాను.”

రౌటర్‌ను బయటికి తీసి, పై అంతస్తుకు ఒక నెట్‌వర్క్ కేబుల్ లాగి, అక్కడ రెండో వైఫై పెట్టె బిగించేసరికి వేగం వచ్చింది. ఆవిడ కనెక్షన్ సంతోషంగా ఉంచుకుంటానన్నారు. కానీ రద్దు ఆర్డర్ సిస్టమ్‌లో ఎక్కింది కాబట్టి వెనక్కి తీసుకోవడం కుదరదని కంపెనీ చెప్పింది. కాల్ సెంటర్ ద్వారా కొత్తగా చేరమన్నారు, ఆవిడ చేరారు. అదే ఇల్లు, అదే ఫైబరు, అవే పెట్టెలు. కాగితం మీద మాత్రం అది కంపెనీ నేరుగా సంపాదించుకున్న కొత్త ఖాతా. మాకు కోత, వాళ్లకు ఖాతా. నేను రాసిన ఉత్తరాలకు వచ్చిన జవాబు ఒకటే: ఒప్పందంలోని నిబంధన ప్రకారమే జరిగింది. నిజమే, నిబంధన ఉంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక్కడ సేల్స్ కుర్రవాళ్లను, టెక్నీషియన్లను కలిపి అడుగుతున్నాను. కనెక్షన్ ఇచ్చిన మరునాడు ఆ ఇంటికి ఫోను చేసేది మీలో ఎవరు? అది ఎవరి పనీ కాకపోవడమే మన నష్టానికి మూలం. అది ఒకరి పని కావాలి, దానికి జీతం ఉండాలి. ఫోనులో “అంతా బాగుందా” అని అడిగితే లాభం లేదు, బాగానే ఉందంటారు. ఏ గదిలో ఎక్కువసేపు వాడతారు, ఆ గదిలో వీడియో కాల్ ఆగుతోందా, పెట్టె ఎక్కడ పెట్టారు అని అడగండి. అనుమానం వస్తే మనిషిని పంపండి. వెళ్లిన మనిషి ముందు వైరుతో వేగం కొలవాలి, ఆ తర్వాతే వైఫైతో గదిగదికీ కొలవాలి. ఈ వరుస తప్పితే లోపం లైన్‌లో ఉందో, ఇంట్లో ఉందో తేలదు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటుతుంది కానీ దాని మీద రద్దీ ఎక్కువ, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ రెండు గోడలు అడ్డం వస్తే నీరసపడుతుంది. ఈ రెండు వాక్యాలు ఖాతాదారుకు విడమరచి చెబితే సగం ఫిర్యాదులు పుట్టవు.

వైరుతో కొలిచినా వేగం రాకపోతే లేదా ఓఎన్‌టీ మీద ఎర్ర దీపం వెలిగితే, అప్పుడు ఫైబర్ దాకా వెళ్లండి. ఆకుపచ్చ కనెక్టర్ చివర 8 డిగ్రీల వాలుగా అరగదీసి ఉంటుంది, నీలం కనెక్టర్‌కు ఆ వాలు ఉండదు. ఒకదాన్ని మరొకదానితో కలిపితే వెలుగు సరిగా దాటదు, కొసలూ పాడవుతాయి. ఫైబర్ లోపల వెలుగు నడిచే దారి సుమారు 9 మైక్రాన్లు. కంటికి ఆనని దుమ్ము రేణువు చాలు దాన్ని మూసేయడానికి. అందుకే తుడవకుండా కనెక్టర్ పెట్టే టెక్నీషియన్ ఎంత చురుకైనవాడైనా నా దగ్గర వద్దంటాను. ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే మామూలు జీపాన్ లైన్‌లో ఓఎన్‌టీకి అందే వెలుగు, దాని బలాన్ని కొలిచే డీబీఎం లెక్కలో మైనస్ 27 దాకా దిగజారితే అది అంచు మీద నడుస్తున్నట్టే. ఈ రోజు పనిచేసినా కేబుల్ కాస్త వంగితే రేపు ఆగుతుంది. ఈ వెలుగును కొలిచే పవర్ మీటర్ ప్రతి టెక్నీషియన్ సంచిలోనూ ఉండాలి. కొలిచిన అంకెను ఆ ఇంటి పేరు ఎదురుగా రాసిపెట్టుకోవాలి. ఆరు నెలల తర్వాత ఫిర్యాదు వస్తే పోల్చుకోవడానికి ఆ అంకె ఒక్కటే ఆధారం.

అమ్మేటప్పుడు చెప్పే మాటల గురించి కూడా ముక్కుసూటిగా చెప్పాలి. “ఈ లైన్ మీ ఒక్కరికే” అని చెబుతున్నాం. ఇళ్లకు వచ్చే ఫైబర్‌లో చాలా భాగం పాన్ పద్ధతిలోనిది. ఒక పోగును స్ప్లిటర్‌తో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. జీపాన్‌లో దిగువకు సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు, ఎగువకు సుమారు 1.25 గిగాబిట్లు ఆ ఇళ్లన్నిటికీ కలిపి. అందరూ ఒకే క్షణంలో మొత్తం వేగం వాడరు కాబట్టి ఇది హాయిగా సరిపోతుంది. ఆ నిజమే చెప్పండి. మెగాబిట్‌కూ మెగాబైట్‌కూ ఎనిమిది రెట్ల తేడా ఉందనీ చెప్పండి. 100 మెగాబిట్ల ప్లాన్‌లో ఫైలు సెకనుకు 12 మెగాబైట్ల చొప్పున దిగుతుంటే మోసపోయామని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

చెప్పకుండా దాటవేసే మాట ఇంకొకటుంది, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. పాత రాగి టెలిఫోనుకు కరెంటు ఎక్స్‌ఛేంజీ నుంచే వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా ఫోను మోగేది. గాజుతీగ కరెంటును మోయలేదు. ఓఎన్‌టీకి ఇంటి కరెంటే ఆధారం. అది పోతే ఇంటర్నెట్టూ పోతుంది, దాని మీద నడిచే ఫోనూ పోతుంది. ఒంటరిగా ఉండే వృద్ధుల ఇంట్లో, అత్యవసర గంట ఫోను లైన్ మీద ఆధారపడిన ఇంట్లో ఈ సంగతి చెప్పకుండా సంతకం తీసుకోవడం తప్పు. బ్యాటరీ బ్యాకప్ పెట్టె చూపించండి. కొంటారా లేదా అన్నది వాళ్ల ఇష్టం, చెప్పడం మాత్రం మన బాధ్యత.

“ఇదీ నాలుగేళ్లలో పాతబడుతుందా” అని అడిగే ఖాతాదారుకు మన దగ్గర చాలా గట్టి జవాబు ఉంది, అయినా సరిగా వాడుకోవడం లేదు. 1966లో చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ అనే ఇద్దరు పరిశోధకులు గాజుతీగలో నష్టం కిలోమీటరుకు 20 డెసిబెల్స్‌కు తగ్గితే సమాచారం పంపవచ్చని రాశారు. అంటే కిలోమీటరు దాటేసరికి నూటిలో ఒక వంతు వెలుగు మిగిలితే చాలన్నమాట. అప్పటి గాజుకు అదీ సాధ్యం కాలేదు. 1970లో కార్నింగ్ సంస్థ దాన్ని సాధించింది. ఇప్పుడు మనం వేస్తున్న ఫైబర్‌లో 1550 నానోమీటర్ల దగ్గర నష్టం కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్స్, నూటికి 95 వంతులకు పైగా వెలుగు మిగులుతుంది. కావ్‌కు 2009లో నోబెల్ ఇచ్చారు. జీపాన్ ప్రమాణం 2003లో వచ్చింది, 10 గిగాబిట్ల ఎక్స్‌జీఎస్-పాన్ 2016లో వచ్చింది. రెండూ వేర్వేరు తరంగదైర్ఘ్యాలు వాడతాయి కాబట్టి అదే ఫైబర్ మీద పక్కపక్కనే నడుస్తాయి. మారేది రెండు చివరల్లో ఉండే పెట్టెలే, గోడలోంచి వచ్చిన గాజు అలాగే ఉంటుంది. పోటీ కంపెనీని తిట్టే బదులు ఈ ఒక్క మాట నింపాదిగా చెప్పిన సేల్స్‌మన్‌ను జనం నమ్ముతారు.

అపార్ట్‌మెంట్ల గురించి, చిన్న వ్యాపారాల గురించి పెద్దగా సిద్ధం చేసుకొచ్చాను, సమయం లేదు. ఒక్క మాట చెబుతాను. క్లినిక్, వకీలు ఆఫీసు, డిజైన్ సంస్థ లాంటివి అప్‌లోడ్ కోసం, స్థిరమైన ఐపీ చిరునామా కోసం, లైన్ ఆగితే ఎంతసేపట్లో బాగు చేస్తారన్న హామీ కోసం డబ్బు పెడతాయి. నాలుగు రాళ్లు తగ్గాయని మరో కంపెనీకి మారవు. మీ దగ్గర ఒక్క మంచి టెక్నీషియన్ ఉంటే మొదట ఆ తలుపులే తట్టండి.

సేల్స్ సిబ్బంది జీతం సంగతి. ఆర్డర్ రాయగానే మొత్తం ప్రోత్సాహకం ఇచ్చేస్తే లైన్ రాని వీధిలోనూ ఆర్డర్ రాస్తారు, తప్పు వాళ్లది కాదు. కొంత లైన్ వెలిగాక, మిగతాది కమిషన్ కోత గడువు దాటాక ఇవ్వండి. అలాగే ఆఫర్ ధర ముగిసే తేదీ ప్రతి ఖాతా పక్కనా రాసుకోండి. బిల్లు పెరిగిన తర్వాత ఖాతాదారు మనకు ఫోను చేయడు, పోటీవాడికి చేస్తాడు. పెరగకముందే మనం చేయాలి. ఇందుకు ఖాతాదారు అనుమతితో మన సొంత జాబితా మన దగ్గర ఉండాలి. కంపెనీ పోర్టల్‌లో ఉన్న జాబితా మనది కాదు. ఒప్పందం ముగిసిన రోజే ఆ పాస్‌వర్డ్ పనిచేయడం మానేస్తుంది.

ఇక ఆ నిబంధన. తోటి డీలర్లారా, మనం ఒప్పందంలో కమిషన్ రేటు ఉన్న పేజీ చదివి, మిగతా పేజీల మీద సంతకాలు పెడుతున్నాం. ఎంత గడువులోపు రద్దయితే కమిషన్ వెనక్కి తీసుకుంటారు? ఒప్పందం ముగిశాక నెలవారీ కమిషన్ కొనసాగుతుందా? మనం తెచ్చిన ఖాతాదారుకు కంపెనీ నేరుగా ఫోను చేసి ప్లాన్ మారిస్తే ఆ ఖాతా ఎవరిది? ఒక్కొక్కరుగా అడిగితే జవాబు రాదు. నాకు వచ్చిన ఆ ఒక్క వాక్యమే మీకూ వస్తుంది. కలిసి అడగాలి.

నేను నాలుగు సవరణలు రాసి తెచ్చాను. రద్దు కోరిన ఖాతాదారు వివరం, రద్దు అమలయ్యే ముందే డీలర్‌కు తెలియజేయాలి. లైన్ వేయడంలో లోపం వల్ల రద్దయితే డీలర్ కమిషన్ కోయకూడదు. కోత గడువులోపు అదే చిరునామా తిరిగి చేరితే, ఏ మార్గంలో చేరినా ఆ ఖాతా మొదటి డీలర్‌దే కావాలి. ఒప్పందం ముగిసినా ఖాతాదారు ఉన్నంతకాలం నెలవారీ కమిషన్ ఆగకూడదు. కాగితాలు వెనుక బల్ల మీద ఉన్నాయి. మధ్యాహ్నం కంపెనీల ప్రతినిధులు రాకముందే చదవండి, భాష మార్చాలనిపిస్తే పక్కన రాయండి, ఒప్పుకున్నవారు సంతకం చేయండి. టెక్నీషియన్లు కూడా చేయండి, రెండో సవరణ మీ మాట లేకుండా నిలవదు. ప్రశ్నలుంటే నేను ఆ బల్ల దగ్గరే ఉంటాను. నమస్కారం.