కార్బన్ ఫైబర్ కయాక్‌కి అంత డబ్బు పెట్టొచ్చా?

[స్టాండ్ల మీద పక్కపక్కనే రెండు కయాక్‌లు. ఎడమ వైపు ఎర్రటి ప్లాస్టిక్‌ది, కుడి వైపు నల్లటి కార్బన్‌ది.]

నమస్తే అండి. ముందు ఈ రెండు పడవల్నీ చూడండి. రెండూ సముద్రంలో తిరిగే కయాక్‌లే, అంటే మనిషి లోపల కూర్చుని తెడ్డు వేసే సన్నటి పడవలు. పొడవు 5 మీటర్లు, వెడల్పు 55 సెంటీమీటర్లు, అటూ ఇటూగా రెండింటికీ అవే కొలతలు. ఎర్రది పాలిథిలీన్ ప్లాస్టిక్, బరువు 27 కిలోలు. నల్లది కార్బన్ ఫైబర్, 18 కిలోలు. నల్లదానికి పెట్టే డబ్బుతో ఎర్రవి రెండు వస్తాయి, ఒక్కోసారి మూడు కూడా. ఆ తేడా అంతా ఈ 9 కిలోలు తగ్గించుకోవడానికే కడుతున్నాం. మరి ఈ 9 కిలోలు మనకి ఎక్కడ కలిసొస్తాయి?

అమ్మేవాళ్లు మొదట వేగం గురించి చెప్తారు కాబట్టి నీళ్ల దగ్గరే మొదలుపెడదాం.

[బోర్డు మీద లెక్క.]

తెడ్డు వేసే మనిషి 75 కిలోలు, సామాను 15 కిలోలు అనుకోండి. ఎర్ర పడవతో కలిపి 117 కిలోలు, నల్లదానితో 108. పడవ ఒక్కదాన్నే చూస్తే మూడో వంతు తగ్గినట్టుంది. నీళ్లలో కదిలేది మాత్రం మొత్తం బరువు కదా. అందులో తగ్గింది 8 శాతం కూడా లేదు.

ఇంకో మెట్టు దిగుదాం. పడవ తన బరువుకి సరిపడా నీటిని పక్కకి నెడుతుంది. 9 కిలోలు తగ్గితే 9 లీటర్ల నీరు తక్కువ నెడుతుంది. ఇలాంటి పడవ నీటిమట్టం దగ్గర సుమారు 1.8 చదరపు మీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. ఆ 9 లీటర్లని అంత మేర పరిస్తే మందం ఎంత?

[పడవ పక్కన పెన్సిల్ అడ్డంగా పెట్టి దగ్గర నుంచి.]

5 మిల్లీమీటర్లు. ఈ పెన్సిల్ మందం కూడా లేదు. నల్ల పడవ ఎర్రదానికన్నా ఈ కాస్తే పైకి తేలుతుంది. పడవలో నీళ్లకి రాసుకునే భాగం దీనివల్ల 2 శాతం దాకా తగ్గుతుంది. తీరిగ్గా వెళ్లేటప్పుడు మనల్ని వెనక్కి లాగేది ముఖ్యంగా ఆ రాపిడే. అంటే శ్రమ కూడా రెండు శాతం దగ్గరే తగ్గుతుంది. ఎదురుగాలి కొంచెం పెరిగినా ఆ లాభం కనపడకుండా పోతుంది. నాలుగు రోజుల క్యాంపింగ్ సామాను ఎక్కిస్తే ఈ తేడా ఇంకా పలచబడుతుంది.

వేగానికి హద్దు పెట్టేది కూడా బరువు కాదు, పొడవు. నీటిమట్టం దగ్గర పడవ పొడవుని అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే పడవ తేలిగ్గా అందుకోగల పై వేగం నాట్లలో వస్తుంది. నాట్ అంటే సముద్రంలో వేగానికి వాడే కొలత. 16 అడుగులకి వర్గమూలం 4, అంటే దాదాపు 5.4 నాట్లు, గంటకి 10 కిలోమీటర్లు. అది దాటాలంటే పడవ తను లేపిన అలనే తను ఎక్కాలి, అక్కడ ఒంట్లో సత్తువ అయిపోతుంది. కార్బన్‌తో చేసినా, కర్రతో చేసినా ఈ లెక్క మారదు. మనలాంటి వాళ్లం రోజంతా వెళ్లేది 3 నుంచి 4 నాట్ల మధ్యే.

అలాగని నీళ్లలో తేడా అసలు లేదంటే అది అబద్ధం. ఆగి ఉన్న పడవని కదిలించేటప్పుడు తెలుస్తుంది. అల వస్తుంటే దాని మీదకి ఎక్కడానికి నాలుగు గట్టి స్ట్రోకులు వేస్తాం చూడండి, అప్పుడు బాగా తెలుస్తుంది. అన్నిటికన్నా తెలిసేది గట్టిదనం. ప్లాస్టిక్ పడవ అడుగు అలల మీద కొద్దిగా వంగుతూ ఉంటుంది, కాళ్లతో తన్నిన బలం కొంత ఆ వంగడంలోనే పోతుంది. కార్బన్ పోగు గాజు పోగుకన్నా సుమారు మూడు రెట్లు గట్టిగా నిలబడుతుంది, బరువేమో గాజుకన్నా తక్కువ. అందుకే కార్బన్ పడవలో కాలు నొక్కితే పడవ వెంటనే కదిలినట్టుంటుంది. ఆ హాయి నిజమైనదే, నాకూ చాలా ఇష్టం. కాకపోతే ఆ గాజు పోగుతో చేసే మంచి ఫైబర్‌గ్లాస్ పడవలో కూడా అందులో చాలా భాగం దొరుకుతుంది.

ఒలింపిక్స్‌లో స్ప్రింట్ పోటీలకి వాడే, ఒక్కరే నడిపే కె1 పడవ పొడవు 5.20 మీటర్లు దాటకూడదు, బరువు 12 కిలోలకి తగ్గకూడదు. తగ్గితే బరువు కట్టి 12 చేయాల్సిందే. అంటే ఆ స్థాయిలో అందరి పడవలూ ఒకే బరువు దగ్గర ఆగిపోతాయి. కార్బన్ వాళ్లకి ఆ 12 కిలోల్లోనే కావలసినంత గట్టిదనం ఇస్తుంది. మీరు సెకనులో వందో వంతు కోసం పోటీపడే మనిషైతే ఈ వీడియో మీకు అక్కర్లేదు.

మిగతా వాళ్లకి, పడవకన్నా ముందు ఒక మాట చెప్పాలి.

[రెండు తెడ్లు చేతిలో.]

ఇది ఫైబర్‌గ్లాస్ తెడ్డు, 950 గ్రాములు. ఇది కార్బన్ తెడ్డు, 650 గ్రాములు. తేడా 300 గ్రాములు. మామూలుగా వెళ్లేటప్పుడు నిమిషానికి 60 స్ట్రోకులు పడతాయి, గంటకి 3,600. పడవని నీళ్లు మోస్తాయి, తెడ్డుని మాత్రం మన చేతులే మోయాలి. స్ట్రోకుకి 300 గ్రాముల చొప్పున లెక్కేస్తే గంటలో చేతుల మీద పడే బరువు టన్నుకి పైగా తగ్గుతుంది. నాలుగు గంటలు తెడ్డు వేశాక మోచేతి పైభాగానికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పడవల మధ్య ఉన్న ధర తేడాలో చిన్న ముక్కతో ఈ తెడ్డు వచ్చేస్తుంది. మీ దగ్గర డబ్బు కొంచెమే ఉంటే ముందు దీని మీద పెట్టండి. ఈ మాట నేను గట్టిగా చెప్తున్నాను.

ఇక ఒడ్డు మీదకి వద్దాం. నా దృష్టిలో కార్బన్ పడవ డబ్బులు రాబట్టేది ఇక్కడే.

చాలా ఏళ్లు నా దగ్గర ఉన్నది ఈ ఎర్ర పడవే. మంచి పడవ, రాళ్లకి కొట్టుకున్నా చెక్కుచెదరలేదు. కానీ ఒక్కోవారం తెల్లారుజామున లేచి, దాన్ని స్టాండ్ మీద చూసి, మళ్లీ పడుకున్న రోజులున్నాయి. నీళ్లంటే విసుగొచ్చి కాదు. దాన్ని దించాలి, కారు మీదకి ఎక్కించాలి, అక్కడ దించాలి, రెండు వందల మీటర్లు మోయాలి. తిరిగొచ్చాక, ఒళ్లు హూనమయ్యాక, తడి చేతులతో ఇదంతా మళ్లీ చేయాలి. తోడు ఎవరైనా ఉన్నప్పుడే వెళ్లేదాన్నైపోయాను.

అమెరికాలో పనిచోట ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. మనిషి ఎత్తే బరువుకి అది పెట్టిన పై హద్దు 23 కిలోలు. అదీ అన్నీ అనుకూలంగా ఉంటేనే: బరువు ఒంటికి దగ్గరగా ఉండాలి, నడుము తిప్పకూడదు, పట్టు బాగా దొరకాలి. 5 మీటర్ల పడవని గాలిలో తల పైకి లేపడంలో వీటిలో ఒక్కటీ ఉండదు, కాబట్టి అసలు హద్దు ఇంకా కిందే. 27 ఆ 23 గీతకి అవతల ఉంది. 18 ఇవతల ఉంది. వయసు పైబడినవాళ్లకీ, నడుం నొప్పి ఉన్నవాళ్లకీ, ఒంటరిగా వెళ్లేవాళ్లకీ ఈ గీత చాలా పెద్దది.

తేలికైన పడవ కావాలన్నది కొత్తగా పుట్టిన ఆశ కూడా కాదు. కయాక్‌ని కనిపెట్టిన, ఆర్కిటిక్ మంచు ప్రాంతపు ఇన్యూట్ వేటగాళ్లు గ్రీన్‌లాండ్‌లో సముద్రానికి కొట్టుకొచ్చిన కర్రలతో చట్రం కట్టి, మీద సీల్ తోలు బిగించేవాళ్లు. మంచు మీద ఒక్కడే మోసుకెళ్లగలిగేంత తేలికగా ఉండేది. అదే పద్ధతిలో ఇవాళ కర్ర చట్రానికి నైలాన్ గుడ్డ బిగించి చేసే పడవలు కార్బన్ వాటికన్నా తేలిగ్గా వస్తుంటాయి. బరువైన ప్లాస్టిక్ కయాక్ మన కాలంలో వచ్చింది, అదీ చవగ్గా చేయొచ్చని: పాలిథిలీన్ పొడిని అచ్చులో పోసి, వేడి చేస్తూ తిప్పుతారు, పడవ తయారు.

కార్బన్ పడవ అలా రాదు. పాలియాక్రిలోనైట్రైల్ అనే పోగుని ముందు 200 నుంచి 300 డిగ్రీల దగ్గర గాలిలో కాలుస్తారు, తర్వాత ఆక్సిజన్ లేకుండా వెయ్యి డిగ్రీలు దాటిస్తారు. దాదాపు సగం బరువు ఆవిరైపోయి మిగిలిందే కార్బన్ పోగు. దాన్ని గుడ్డగా నేసి, ఆ గుడ్డని మనుషులు చేత్తో అచ్చులో పరిచి, రెజిన్ అనే గట్టిపడే జిగురు పట్టించి, గాలి పీల్చేసి బిగిస్తారు. ధరలో ఎక్కువ భాగం ఆ చేతులదీ, ఆ గంటలదీ. ఆ పని తెలిసిన వాళ్లంటే నాకు గౌరవం.

ఇప్పుడు దీని లోపాలు. కార్బన్ పోగు పెద్దగా సాగదు, సుమారు 2 శాతం సాగేసరికి తెగుతుంది. గాజు పోగు దానికి రెట్టింపు పైగా సాగుతుంది. ప్లాస్టిక్ అయితే రాయి తగిలితే లోపలికి వంగి మళ్లీ బయటికొస్తుంది. అందుకే కార్బన్ పడవ వాడకాన్ని భరిస్తుంది కానీ దెబ్బని ఓర్చుకోదు. చాలామంది తయారీదారులు లోపల కెవ్లార్ పొర కలుపుతారు. 1965లో డ్యూపాంట్ అనే అమెరికా రసాయన కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన పోగు అది. కార్బన్ పగిలినా కెవ్లార్ పట్టుకుని ఉంటుంది, పడవ రెండుగా తెరుచుకోదు. అయితే దాన్ని గరుకు కాగితంతో రుద్దితే నున్నబడదు, దూదిలా లేస్తుంది. రిపేరు చేసేవాళ్లు దాంతో చాలా విసిగిపోతారు. ఉప్పునీళ్లలో కార్బన్‌కి అల్యూమినియం తగిలి ఉంటే ఆ అల్యూమినియం తుప్పుపట్టి తినేసుకుపోతుంది, కాబట్టి బోల్టుల దగ్గర ఓ కన్నేసి ఉంచాలి.

మీరు దిగే చోట రాళ్లు, గవ్వలు, సిమెంట్ మెట్లు ఉండి, పడవని గీకకుండా దింపడం కుదరకపోతే కార్బన్ తీసుకోవద్దు. ప్రతిసారీ ప్రాణం చివుక్కుమంటుంది. అక్కడ ఎర్రదే రాజు.

[టార్చి పట్టుకుని, హ్యాచ్ అంటే సామాను పెట్టే అర మూత తీసి పడవ లోపలికి.]

కొనేవాళ్లు ఇది తప్పకుండా చూడండి. పైన నల్లటి నేత కనపడగానే మొత్తం కార్బన్ అనుకోవద్దు. పై పొర ఒక్కటే కార్బన్ వేసి, లోపలంతా గాజు గుడ్డ వేసినవి కూడా ఆ పేరుతోనే అమ్ముడవుతాయి. హ్యాచ్ మూత తీసి టార్చి వేయండి. లోపల గోడ నల్లగా ఉంటే కార్బన్, పసుపుపచ్చగా ఉంటే కెవ్లార్, తెల్లగా కానీ పాలిపోయిన ఆకుపచ్చగా కానీ ఉంటే గాజు. లోపల రంగు వేసి మూసేసి ఉంటే ఏ పొరలు వేశారో అడిగి రాయించుకోండి. రెజిన్ గుంటల్లో మడుగులు కట్టినట్టు మెరుస్తుంటే అదంతా పనికిరాని బరువు. తూకం కూడా మీరే వేయండి. మనిషి తూకం యంత్రం మీద ముందు మీరు ఒక్కరే నిలబడండి, తర్వాత పడవ ఎత్తుకుని నిలబడండి, తేడా చూసుకోండి. సీటూ, మూతలూ అన్నీ బిగించాకే సుమా. కాగితం మీద రాసిన బరువుకీ దీనికీ ఒకటి రెండు కిలోలు తేడా రావడం నేను చూశాను.

మధ్య దారులూ ఉన్నాయి. రేకుని వేడి చేసి అచ్చు మీద సాగదీసి చేసే ఎబిఎస్ అనే ప్లాస్టిక్ పడవలు పాలిథిలీన్‌కన్నా తేలిక, చూడ్డానికి ఫైబర్‌గ్లాస్‌లా మెరుస్తాయి. పొడవు ఒక మీటరు తగ్గించుకుంటే మూడు నాలుగు కిలోలు ఊరికే పోతాయి. చేతిపని వచ్చినవాళ్లు పలచటి ప్లైవుడ్ ముక్కలు కుట్టి, ఎపాక్సీ జిగురు పూసి చేసుకునే పడవలు 18 నుంచి 20 కిలోల్లో వస్తాయి. రెండు చక్రాల బండి కొంటే నేల మీద మోత తప్పుతుంది, కారు మీదకి ఎక్కించే బాధ మాత్రం తప్పదు. వాడిన కార్బన్ పడవ దొరికితే అది అన్నిటికన్నా మంచి బేరం. నా నల్లది అలా వచ్చిందే.

అది వచ్చాక నా స్ట్రోక్ ఏమీ మారలేదు, వేగం కూడా చెప్పుకోదగ్గంత పెరగలేదు. వారానికి ఒక్కసారి వెళ్లడం కూడా కష్టమయ్యే నేను ఇప్పుడు మూడుసార్లు నీళ్లలో ఉంటున్నాను. డబ్బు వసూలైంది అంటే నాకు అదే లెక్క. మీకు ఇంట్లో ఎత్తడానికి తోడుంటే, పడవ నీటి ఒడ్డునే పెట్టుకునే వీలుంటే, ఏడాదికి పదిసార్లు మించి వెళ్లకపోతే మీ లెక్క వేరు. ఎర్రదే తీసుకోండి, మిగిలిన డబ్బుతో మంచి తెడ్డు కొనుక్కోండి, మంచి గురువు దగ్గర పది క్లాసులు తీసుకోండి.

ఇప్పుడు రెండు పడవల్నీ నేనొక్కదాన్నే కారు మీదకి ఎక్కిస్తాను. ఎక్కడా కట్ చేయట్లేదు. ముందు నల్లది, తర్వాత ఎర్రది. ఎర్రదాని దగ్గర నా మోకాళ్లు చూడండి, ముక్కు భాగం రూఫ్ ర్యాక్‌కి ఆనేదాకా ఎన్నిసార్లు ఆగానో లెక్కపెట్టండి.

[ఒకే షాట్. కెమెరా కదలదు. సంగీతం లేదు.]