తగ్గింది సరే, దేనివల్ల తగ్గింది?

శ్రోతలకు నమస్కారం. రోడ్డు మీద ఏదో ఒకటి పెట్టి, ప్రమాదాలు తగ్గాయంటారు. అది దానివల్లనే తగ్గిందా అన్నదే ఈ పూట ముచ్చట.

మా గల్లీ మలుపులో రెండేళ్ల కింద ఒక స్పీడ్ బ్రేకర్ వేశారు. వేసిన వారంలోనే పంచాయితీ మొదలైంది. "ఇప్పుడు పోరగాళ్లు బడికి ఉరుకుతుంటే నాకు గుబులు లేదు సారూ" అని మూలింటి అవ్వ. "కడుపుతో ఉన్న ఆడమనిషిని దవాఖానకు తీసుకపోతుంటే దీన్ని ఎక్కించాలంటే నాకే టెన్షన్" అని ఆటో నడిపే తమ్ముడు. నేను లెక్కల సారును కాబట్టి ఇద్దరూ నన్నే అడిగారు, దీనితో లాభమా నష్టమా అని.

టేపు తీసుకుపోయి కొలిచాను. ఎత్తు 16 సెంటీమీటర్లు, వెడల్పు మూరెడు కన్నా కాస్త ఎక్కువ. రోడ్లకు కొలతలు చెప్పే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కన మామూలు స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వస్తే బండి ఊయలలాగా ఊగి దిగిపోవాలి. మా దాని నెత్తి నిండా కార్ల అడుగుభాగాలు గీకిన గీతలే. ఇక బైకులవాళ్లు దాని మీదికే రారు. మోరీ పక్కన రెండు జానల జాగా వదిలారు, వేగం తగ్గించకుండా అందులోంచే దూరిపోతారు. అవ్వ అరుగు సరిగ్గా ఆ పక్కనే ఉంది. దీన్ని చూసి స్పీడ్ బ్రేకర్లు పనికిరావని అంటే అన్యాయం. అక్కడున్నది స్పీడ్ బ్రేకర్ కాదు, కంకర గట్టు.

గల్లీ సంగతి కొలిస్తే తేలింది. హైవే సంగతి అంత తొందరగా తేలదు. మన జిల్లాల మీదుగా రెండు పెద్ద రోడ్లు పోతాయి. జడ్చర్ల మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట మీదుగా 65వ నంబరుది. జాతీయ రహదారిలో 500 మీటర్ల ముక్క మీద మూడేళ్లలో చావులో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు 5 జరిగినా, లేక 10 మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. అక్కడ బోర్డులు, మెరిసే స్టిక్కర్లు, బండిని గడగడలాడించే సన్నటి అడ్డపట్టీలు, అంటే రంబుల్ స్ట్రిప్పులు, పెడతారు. మరుసటి ఏడాది ప్రమాదాలు తగ్గాయని చెప్తారు. తగ్గడం నిజమే కావచ్చు. బోర్డు వల్లనే తగ్గిందా?

పచ్చీసు గవ్వలు గుర్తున్నాయి కదా. ఇరవై మందిని కూర్చోబెట్టి తలా ఆరు గవ్వలు వేయమనండి. ఐదో ఆరో వెల్లకిల పడ్డవాళ్లను పక్కకు పిలిచి, వాళ్ల చేతికి ఒక ఎర్ర దారం కట్టి మళ్లీ వేయమనండి. ఎక్కువమందికి ఈసారి తక్కువే పడతాయి. దారం మహిమ అనుకుంటాం. దారం కట్టకపోయినా అంతే పడేవి. బాగా చెడ్డ ఏళ్లను చూసి ఏరిన చోటు కూడా, ఎవరూ ఏమీ చేయకున్నా, తర్వాత కొంత నెమ్మదించే అవకాశముంది. అందుకే ఒక్క ఏడాది లెక్క చాలదు. బోర్డు పెట్టకముందు మూడేళ్లు, పెట్టిన తర్వాత మూడేళ్లు చూడాలి. బోర్డు పెట్టని అలాంటి ఇంకో చోటు ఏమైందో కూడా పక్కన పెట్టి చూడాలి. నెలలు పోల్చడంలోనూ తిరకాసు ఉంది. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరే జనవరిని ఫిబ్రవరితో పోల్చి "తగ్గింది" అంటే నవ్వు రాదా?

ఇంకో ప్రశ్న ఊళ్లవాళ్లే అడుగుతారు, ప్రమాదం ఆగిందా, పక్కకు జరిగిందా అని. డివైడర్ మధ్య గ్యాప్ మూస్తే అక్కడ అడ్డంగా దాటడం ఆగిపోతుంది. కానీ యూ టర్న్ రెండు కిలోమీటర్ల అవతల ఉంటే, పొలానికి పోయే రైతు యూరియా బస్తా బండి మీద పెట్టుకుని రాంగ్ రూట్లో ఎదురు వస్తాడు. ఆయన్ను తిట్టడం సులువు. నేనూ తిట్టాను, ఒకసారి నేనే అలా వచ్చేదాకా. గ్యాప్ దగ్గర సున్నా అని రాసుకుంటే సరిపోదు, అటూ ఇటూ రెండేసి కిలోమీటర్లు కలిపి లెక్కపెట్టాలి.

ఇలా లెక్కపెట్టినవాళ్లు లేకపోలేదు. లండన్ వీధుల్లో గంటకు 20 మైళ్ల, అంటే సుమారు 32 కిలోమీటర్ల, వేగ పరిమితి పెట్టిన చోట్ల 1986 నుంచి 2006 దాకా ఇరవై ఏళ్ల లెక్కలు తీశారు. ఎలాగూ తగ్గుతూ వస్తున్నదాన్ని పక్కన పెట్టి చూసినా, గాయపడ్డవాళ్లూ చనిపోయినవాళ్లూ దాదాపు 42 శాతం తగ్గారు. ప్రమాదాలు చుట్టుపక్కల వీధులకు మళ్లాయేమో అనీ చూశారు, అక్కడా కొంత తగ్గాయే తప్ప పెరగలేదు. అది లండన్, మన చౌరస్తాలు వేరు, ఒప్పుకుంటాను. లెక్క కట్టే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒక్కటే.

2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది ప్రాణాలు పోయాయి. ఇంత పెద్ద విషయంలో "తగ్గినట్టే ఉంది సార్" అంటే ఎలా ఊరుకుంటాం? సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల దరఖాస్తుతో ఆ ముక్క రోడ్డు మీద ఏ నెల ఎన్ని కేసులయ్యాయో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

మా గల్లీలో అవ్వ వేరే దారి పట్టింది. మోరీ పక్క నుంచి దూసుకుపోయిన బండికల్లా ఒక చింతగింజ డబ్బాలో వేయమన్నాను. ఒక్క పొద్దుకే నలభై మూడు గింజలయ్యాయి. "మరి ఈ గట్టు వేయకముందు ఎన్ని పోయేవి అవ్వా?" అన్నాను.

"అప్పుడెవరు లెక్కవెట్టిండ్రు సారూ" అంది, డబ్బా మూత పెడుతూ.