మెనూలో క్యాలరీల అంకె: మొదట చదవాల్సింది వంటగదే

సభకు నమస్కారం.

ఈ హాల్లో ఉన్నవారిలో చాలామంది హోటళ్లు, ఆఫీసు క్యాంటీన్లు, హాస్టల్ మెస్సులు, క్యాటరింగ్ సంస్థలు నడుపుతున్నవారు. క్యాలరీల మాట ఎత్తగానే మీరు అడిగే ప్రశ్న నాకు తెలుసు: "చట్టం మమ్మల్ని అడగనప్పుడు మేమెందుకు రాయాలి?" ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. తెల్లవారకముందే పొయ్యి వెలిగించి, అర్ధరాత్రి దాకా గల్లా లెక్క చూసుకునే మనిషి నెత్తిన ఇంకో పని పెట్టేముందు గట్టి కారణమే చెప్పాలి.

ముందు చట్టం ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూద్దాం. చైన్ రెస్టారెంట్లు మెనూల్లో క్యాలరీలు చూపాలన్న నిబంధనను న్యూయార్క్ నగరం 2008లోనే అమలు చేసింది. అమెరికా అంతటికీ అది 2018 మే నెలలో వచ్చింది, అదీ ఒకే పేరుతో 20 లేదా అంతకు మించి శాఖలు ఉన్నవాటికే. ఇంగ్లండ్‌లో 2022 ఏప్రిల్ నుంచి 250 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలు రాయాలి. భారతదేశంలో 2022 జూలై 1 నుంచి ఆహార వ్యాపారానికి కేంద్ర లైసెన్సు ఉన్న సంస్థలు, లేదా 10 గానీ అంతకు మించి గానీ చోట్ల శాఖలున్నవి రాయాలి. ఏ దేశం గీత గీసినా ఒంటరి హోటలు, చిన్న క్యాంటీను దానికి ఇవతలే మిగిలాయి. క్యాంటీన్లో రోజూ మధ్యాహ్న భోజనం చేసే ఉద్యోగి, మెస్సులో మూడు పూటలా తినే విద్యార్థి కూడా చాలాచోట్ల ఇవతలే ఉన్నారు. ఎప్పుడో ఒకసారి సరదాగా తినే భోజనం కంటే, ఏడాది పొడవునా తినే ఈ భోజనమే ఒంటికి పడుతుంది. అందుకే మీతో మాట్లాడాలనుకున్నాను.

స్వచ్ఛందంగా రాసే పద్ధతి కొత్తది కాదు. 2011లో బ్రిటన్ ప్రభుత్వం ప్రజారోగ్యం విషయంలో బాధ్యత తీసుకుంటామని మాట ఇవ్వండంటూ వ్యాపార సంస్థలను ఆహ్వానించింది. మెనూలో క్యాలరీలు చూపడం ఆ హామీల్లో ఒకటి. కొందరు ముందుకొచ్చారు, ఎందరో రాలేదు. ఆ తర్వాత కేంబ్రిడ్జ్ పరిశోధకులు బ్రిటన్‌లోని 42 చైన్ రెస్టారెంట్ల వంటకాలను పోల్చి, 2019లో ఫలితాలు ప్రచురించారు. తమంతట తామే మెనూలో క్యాలరీలు చూపినవారి వంటకాల్లో మిగిలినవారితో పోలిస్తే కొవ్వు 45 శాతం, ఉప్పు 60 శాతం తక్కువగా ఉన్నాయి.

దీన్ని రెండు రకాలుగా చదవవచ్చు. అంకె రాయడం మొదలుపెట్టాక వంట మెరుగుపడి ఉండవచ్చు. లేదా, మొదటినుంచీ మంచి వంట ఉన్నవారే ధైర్యంగా అంకె రాసి ఉండవచ్చు. రెండూ కొంత కొంత నిజమేనని నా అభిప్రాయం. అయితే రెండోదాని వల్ల ఒక చిక్కుంది. నూనె, చక్కెర ఎక్కువగా వాడేవాడికి స్వచ్ఛందంగా బయటపడే అవసరం లేదు. కాబట్టి చట్టం అక్కర్లేదని నేను ఎక్కడా అనను. చట్టం తలుపు తట్టేవరకు ఆగనక్కర్లేదని మాత్రమే అంటున్నాను.

ఇక అంకె వల్ల మీ కస్టమర్లు మారిపోతారా? ఇక్కడ మీకు ఉన్నదున్నట్టు చెప్పాలి. వైద్య, ఆరోగ్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2025 జనవరిలో 25 అధ్యయనాలను సమీక్షించి తేల్చింది ఏమిటంటే, క్యాలరీల అంకె కనిపించినప్పుడు జనం సగటున 1.8 శాతం తక్కువ క్యాలరీలు ఎంచుకుంటారు. 600 క్యాలరీల భోజనంలో అది 11 క్యాలరీలు. ఇంగ్లండ్‌లో చట్టం వచ్చాక లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన అధ్యయనంలోనైతే, కొన్నదాంట్లో గానీ తిన్నదాంట్లో గానీ తగ్గుదలే కనబడలేదు. నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. ఆకలితో వచ్చి కూర్చున్న మనిషి అంకెలు చూసి కూడికలు చేస్తాడనుకోవడం, ఆరోగ్యం బాధ్యతంతా అతని మీదికే నెట్టేయడం న్యాయం కాదు. ఆ అంకెను మొదట చదవాల్సినవాడు వంట మాస్టరు.

ఎందుకో నూనె దగ్గర చూపిస్తాను. పిండిపదార్థాల్లో, ప్రోటీన్లలో గ్రాముకు 4 క్యాలరీలు, కొవ్వులో 9. అమెరికన్ రసాయన శాస్త్రవేత్త విల్బర్ ఆట్‌వాటర్ 19వ శతాబ్దం చివర్లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన ఈ లెక్కే ఇవాళ్టికీ ఆధారం. అంటే వంటగదిలో అన్నిటికంటే బరువైన అంకె నూనెదే, కాని అందరూ కంటి అంచనాతో వేసేదీ నూనే. డబ్బా వంచుతారు, చాలనిపించినప్పుడు ఆపుతారు. ఒక పని చేయండి. వంటకు ముందు నూనె డబ్బాను త్రాసు మీద పెట్టండి, వంట అయ్యాక మళ్లీ పెట్టండి. వేపుడైతే బాణలిలో పోసిన నూనెను, చివర్న మిగిలిన నూనెను తూచండి. వేర్వేరు మనుషులు వండిన రోజుల్లో ఇలా చేసి రాసి పెట్టుకోండి. అదే వంటకం, అదే పేరు, కాని నూనె విషయంలో ఎవరి చెయ్యి వారిదని కాగితమే చెబుతుంది.

నలభై మందికి వండే గిన్నెలో పావు కిలో నూనె అదనంగా పడిందనుకోండి. 250 గ్రాములు, గ్రాముకు 9 చొప్పున 2,250 క్యాలరీలు. తలా 56. మెనూ చదివి కస్టమరు తగ్గించుకునే 11 ఎక్కడ, ఎవరి కంటా పడకుండా కలిసిపోయిన 56 ఎక్కడ! ఆ పావు కిలో తగ్గిస్తే రుచిలో తేడా వస్తుందో రాదో మీ నాలుకే చెప్పాలి. రాకపోతే అది అక్కడ ఉండాల్సిన అవసరం ఏమిటి?

లెక్కలో జాగ్రత్తలు కొన్ని. ఎండు దినుసులు ఉడికేటప్పుడు నీళ్లు పీల్చుకుని బరువు పెరుగుతాయి కాబట్టి, పచ్చి సరుకు అంకెను వండినదాని బరువుకు వేస్తే లెక్క తలకిందులవుతుంది. గిన్నెలో పడిన సరుకంతటి క్యాలరీలు కూడి, వండాక మొత్తం బరువు తూచి, ఒక వడ్డన బరువుకు ఎంతో చూడండి. వడ్డన గరిటె ఒకే కొలతది ఉండాలి. 250 గ్రాములు పెట్టాల్సిన చోట 300 పెడితే అంకె 20 శాతం తప్పినట్టే. 2011లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో 269 వంటకాలను ప్రయోగశాలలో కొలిచారు. సగటున అంకెలు సరిపోయినా, 19 శాతం వంటకాల్లో రాసినదానికంటే కనీసం 100 క్యాలరీలు ఎక్కువ తేలాయి. పెద్ద సంస్థలకే అలా అయినప్పుడు మీ అంకె అణువంత కూడా తప్పకూడదని ఎవరూ కోరరు. 437 అని రాయకుండా దగ్గరి పదికి సవరించి 440 అనండి, పక్కన "సుమారు" అని చేర్చండి. చేత్తో లెక్కలు కష్టమనిపిస్తే ఐర్లండ్ చూపిన దారి ఉంది. అక్కడి ఆహార భద్రత సంస్థ 2013లో 'మెనూక్యాల్' అనే ఉచిత ఆన్‌లైన్ లెక్కల సాధనాన్ని హోటళ్ల కోసమే తెచ్చింది. వ్యాపార సంఘాలు పూనుకుంటే ఇలాంటిది ఏ భాషలోనైనా తయారవుతుంది, పూనుకోవాలి కూడా.

ఇంకొక విషయం నాకు చాలా ముఖ్యం. తిండి గురించిన భయంతో, రుగ్మతతో బాధపడుతున్నవారు మన మధ్య ఉన్నారు. ప్రతి వంటకం పక్కనా అంకె కనిపిస్తే వారికి ముద్ద దిగదు. అడిగినవారికి అంకెలు లేని మెనూ ఇవ్వడానికి ఇంగ్లండ్ నిబంధనలు వీలు కల్పించాయి. మీరూ అలాంటివి కొన్ని ముద్రించి కౌంటర్లో ఉంచండి, అడిగినప్పుడు కారణం అడక్కుండా ఇవ్వమని సర్వర్లకు చెప్పండి. అంకెలు ఎర్ర అక్షరాల్లో వద్దు, పక్కన హెచ్చరికలూ వద్దు.

మొత్తం మెనూ ఒకేసారి పెట్టుకోకండి. మీ దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే పది వంటకాలతో మొదలుపెట్టండి. లెక్క కాగితాన్ని ముందు వంటగది గోడకు అంటించి, కొలతలు కుదిరాకే మెనూ ముద్రణకు ఇవ్వండి. కాగితం మీద తేదీ వేయండి. వంట మాస్టరు మారినా, నూనె మారినా, గరిటె మారినా మళ్లీ తూచి రాయండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.