ఆ ఉద్యోగంలో రోజంతా ఏం చేస్తారు?

నమస్తే అండీ. ఈ రోజు కెరీర్ గురించి మాట్లాడుకుందాం. ఏ కోర్సుకు డిమాండ్ ఉంది, ఎందులో జీతాలు ఎక్కువ, ఇలాంటి వీడియోలు బోలెడు ఉన్నాయి. నేను వాటి జోలికి వెళ్లను. నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న వేరే ఉంది. "నాకు ఏది ఇష్టమో నాకే తెలియట్లేదు. ఇక దేంట్లోకి వెళ్లను?" ఈ మాట ఇరవై ఏళ్లవాళ్లు అంటారు, నలభై దాటినవాళ్లూ అంటారు. అనేటప్పుడు వాళ్ల గొంతులో ఏదో తప్పు చేసినట్టు ఒక బెరుకు ఉంటుంది. ముందు ఆ బెరుకు పోవాలి. ఎప్పుడూ చేసి చూడని పని ఇష్టమో కాదో చెప్పమని మనల్ని మనమే నిలదీసుకుంటున్నాం. చేయకుండా ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

ఈ ప్రశ్నకు పద్ధతిగా జవాబు వెతకడం వందేళ్ల కిందటే మొదలైంది. అమెరికాలోని బోస్టన్‌లో 1908లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన యువతీయువకుల కోసం ఒక వృత్తి సలహా కేంద్రం పెట్టారు. ఆయన పద్ధతి వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ముందు నీ గురించి నువ్వు తెలుసుకోవాలి. తర్వాత పని గురించి తెలుసుకోవాలి. ఆ రెండూ ఎంతవరకు పొసుగుతాయో నిదానంగా ఆలోచించాలి. మనం మొదటి దాని మీదే బుర్రంతా పెట్టేశాం. పర్సనాలిటీ టెస్టులు రాస్తాం, మన బలాలేంటి, బలహీనతలేంటి అని పేజీలు నింపుతాం. రెండోదాన్ని మాత్రం గాలికి వదిలేశాం. నా ఉద్దేశంలో ఎక్కువ మంది దెబ్బతినేది అక్కడే.

టెస్టుల మాట వచ్చింది కాబట్టి ఒక్క విషయం చెప్పి ముందుకెళ్తాను. జాన్ హాలండ్ అనే సైకాలజిస్టు 1959లో ఒక సిద్ధాంతం ప్రచురించారు. మనుషుల్నీ, పనుల్నీ ఒకే రకమైన ఆరు గుంపులుగా చూడొచ్చు అన్నారు. చేతులతో, పనిముట్లతో చేసేవి, లోతుగా పరిశీలించి కనిపెట్టేవి, కళకు సంబంధించినవి, నేర్పేవి లేదా సాయపడేవి, ఎదుటివాళ్లను ఒప్పించి నడిపించేవి, లెక్కలూ రికార్డులూ పద్ధతిగా ఉంచేవి. ఆన్‌లైన్‌లో దొరికే చాలా కెరీర్ టెస్టులకు మూలం ఇదే. అలాంటి టెస్టు రాయండి, నష్టం లేదు. కాకపోతే అది చెప్పేది మీ ఆసక్తి గురించే. ఆ పని మీకు వస్తుందా రాదా అన్నది అది చెప్పదు. అందులో రోజు ఎలా గడుస్తుందన్నది అసలే చెప్పదు.

దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు. పశువైద్యం తీసుకోండి. "నాకు జంతువులంటే ప్రాణం, కాబట్టి వెటర్నరీ డాక్టర్ అవుతాను" అనేవాళ్లు చాలామంది. సరే, ఆ డాక్టర్ గదిలోకి వెళ్దాం. టేబుల్ మీద కుక్క పడుకుని ఉంది. రెండు రోజులుగా ఏమీ తినట్లేదు. ఎక్కడ నొప్పో అది చెప్పలేదు కాబట్టి, చెప్పాల్సింది దాన్ని తీసుకొచ్చిన మనిషి. ఆ కంగారులో ఆయన సగం చెప్తాడు, సగం మర్చిపోతాడు. నీళ్లు తాగుతోందా, వాంతి చేసుకుందా, ఏమైనా మింగిందా అని డాక్టరే ఓపిగ్గా ఒక్కొక్కటీ రాబట్టాలి. పొట్ట నొక్కి చూస్తున్నప్పుడు కరవకుండా కాచుకోవాలి. స్కానింగ్ కావాలంటే ఎంతవుతుందో చెప్పాలి. అంత పెట్టుకోలేనంటే, ఆయన్ని చిన్నబుచ్చకుండా, ఉన్నంతలో ఏం చేయొచ్చో చూడాలి. ఒక్కోసారి ఇక దాన్ని బాధపెట్టకుండా సాగనంపడమే మేలని చెప్పి, ఆ ఇంజెక్షన్ తన చేత్తోనే ఇవ్వాలి. ఏడుస్తున్న మనిషి పక్కన కాసేపు నిలబడాలి. ఆ వెంటనే బయట ఎదురుచూస్తున్న పిల్లికూనకు టీకా వేయాలి. అన్నీ అయ్యాక కూర్చుని కేసులు రాసుకోవాలి.

ఇందులో జంతువుల మీద ప్రేమ కావాల్సిందే, కాదనను. కానీ ఆ రోజులో ఎంత భాగం మనుషులతో మాట్లాడటంలో గడిచిందో చూశారా? మనుషులతో వేగలేక జంతువుల దగ్గరికి వచ్చినవాళ్లకు ఇది రోజూ యాతనే. చిన్న ఆధారం పట్టుకుని జబ్బు తేల్చడంలో ఆనందం ఉన్నవాళ్లకు, ఏడ్చేవాళ్లకు ధైర్యం చెప్పగలిగినవాళ్లకు అదే పని చక్కగా ఒంటబడుతుంది. ఉద్యోగం పేరు ఒక్కటే. లోపల ఉన్న పనులే వేరు.

మిగతా రంగాలూ ఇంతే. ఫోటోగ్రాఫర్ కెమెరా పట్టుకునే గంటలకన్నా కంప్యూటర్ ముందు ఫోటోలు ఏరుకుని, సరిచేసుకునే గంటలే ఎక్కువ కావచ్చు. సాఫ్ట్‌వేర్‌లో కొత్త కోడ్ రాయడంతో పాటు, ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన కోడ్ చదివి అర్థం చేసుకోవడం కూడా ఉంటుంది. లాయర్ అంటే కోర్టులో వాదించేవాడే మనకు గుర్తొస్తాడు. ఆ వాదన వెనక కాగితాలు చదివిన రాత్రులు కనబడవు.

మరి ఇవన్నీ ముందే ఎలా తెలుస్తాయి? ఆ పని చేస్తున్నవాళ్లను అడగాలి. "మీ ఉద్యోగం ఎలా ఉంది" అంటే "బానే ఉంది" అంటారు, అక్కడితో అయిపోతుంది. "నిన్న ఆఫీసుకు వెళ్లినప్పటి నుంచి ఏమేం చేశారు" అని అడగండి. ఏ పనిని రేపు చూద్దాంలే అని పక్కన పెడుతుంటారో అడగండి. వాళ్లతో పాటు చేరి, తర్వాత వదిలేసి వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారో తప్పకుండా అడగండి, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఇదే. పైస్థాయికి చేరినవాళ్లకన్నా, చేరి రెండు మూడేళ్లు అయినవాళ్లు మీకు ఎక్కువ ఉపయోగపడతారు. మీరు మొదట చేయబోయే పని ఇప్పుడు వాళ్లే చేస్తున్నారు మరి. అడగడానికి ఎవరూ దొరకకపోతే, అమెరికా కార్మిక శాఖ నడిపే ఓనెట్ అనే వెబ్‌సైట్ ఉంది, ఉచితమే. వందలాది వృత్తుల్లో ఏమేం పనులు చేస్తారో విడివిడిగా రాసి ఉంటుంది.

ఇక ఇష్టం సంగతి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన కేరల్ డ్వెక్ మరికొందరితో కలిసి 2018లో ఒక పరిశోధన ప్రచురించారు. అందులో ఒక ప్రయోగం నాకు బాగా నచ్చింది. విద్యార్థులకు బ్లాక్ హోల్స్ గురించి సరదాగా ఉండే వీడియో చూపించారు. చాలామందికి ఆసక్తి పుట్టింది. తర్వాత అదే విషయం మీద కష్టమైన సైన్స్ వ్యాసం చదవమన్నారు. ఇష్టం అనేది మనలో ముందే ఉంటుంది, వెతికి పట్టుకోవడమే అని నమ్మినవాళ్ల ఆసక్తి, పెంచుకుంటే పెరుగుతుందని నమ్మినవాళ్లకన్నా ఎక్కువగా పడిపోయింది. కష్టం ఎదురవగానే "అయితే ఇది నాది కాదు" అనుకోవడం ఎంత తేలికో చూడండి. కాబట్టి కొత్త పని మొదట్లో చిరాకు పుట్టించిందని వెంటనే వదలకండి. పని కొంచెం చేతికి వచ్చాక కూడా అదే చిరాకు ఉంటే, అప్పుడు ఆలోచించాలి.

డబ్బు మాట దాటేయడం నాకు ఇష్టం లేదు. ఇంటి బాధ్యత మోస్తున్నవాళ్లతో "జీతం చూడకు, మనసు చెప్పింది విను" అనడం అన్యాయం. ఇల్లు గడవాలి. బతకడానికి ఎంత కావాలో ముందు లెక్క వేసుకుని, ఆ లెక్క తీరే పనుల్లోంచే మీకు సరిపడేది ఎంచుకుంటే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇప్పటికే పదేళ్లుగా ఒక పనిలో ఉండి "నేను ఇందులో ఎందుకున్నాను" అని టెన్షన్ పడుతున్నవాళ్లకు ఇంకో సంగతి. ఎమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో రాసిన వ్యాసంలో ఆసుపత్రి శుభ్రం చేసే సిబ్బంది ప్రస్తావన ఉంది. పని ఒకటే అయినా కొందరు ఊడ్చడం, తుడవడం వరకే చూసుకున్నారు. కొందరు రోగులతో రెండు మాటలు మాట్లాడటం, వచ్చినవాళ్లకు దారి చూపించడం కూడా తమ పనే అనుకుని చేశారు. ఆ రెండో రకం వాళ్లు తమ పనిని ఎంతో విలువైనదిగా చూసుకున్నారు. దీన్ని అడ్డం పెట్టుకుని "నచ్చని పనినే సర్దుకుని చేసుకో" అని నేను అనను. తక్కువ జీతాన్నీ, కసురుకునే బాస్‌నీ దృక్పథం మార్చుకుని భరించక్కర్లేదు.

రాజీనామా రాసే ముందు మాత్రం ఒక రెండు వారాలు, రోజూ సాయంత్రం ఆ రోజు చేసిన పనులు కాగితం మీద రాయండి. ఏది చేస్తుంటే టైమ్ తెలియలేదు, ఏది చేస్తుంటే మాటిమాటికీ గడియారం చూశారు, రెండూ గుర్తు పెట్టండి. మిమ్మల్ని విసిగిస్తున్నది పనా, బాసా, పనివేళలా అన్నది అప్పుడు తేలుతుంది. బాస్ అయితే అదే పని ఇంకో చోట వెతుక్కోవచ్చు. పనే అయితే, టైమ్ తెలియకుండా చేసినవి ఎక్కువగా ఉండే పోస్టు మీ సంస్థలోనే ఇంకో టీమ్‌లో ఉందేమో ముందు కనుక్కోండి. అక్కడ లేకపోతే, కాగితం మీద ఆ గుర్తులు పెట్టిన పనుల పేర్లతోనే బయట వెతకడం మొదలుపెట్టండి.