సినిమాను సీరియల్‌గా మార్చే టీవీ: మూడు వారాల వాడకం తరువాత నా రివ్యూ

నమస్కారం. విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటి హాల్లో కూర్చుని మాట్లాడుతున్నాను. నా వెనక గోడకు కనిపిస్తున్న ఈ 55 అంగుళాల టీవీని కంపెనీవారు ఉచితంగా పంపించారు. డబ్బేమీ ఇవ్వలేదు, వీడియోను ముందుగా తమకు చూపించమనీ అడగలేదు. ధర, పోర్టులు, స్పీకర్ల వాట్లు మీరు ఈపాటికి నాలుగైదు చోట్ల చూసే ఉంటారు కనుక వాటి జోలికి వెళ్లను. నలుపు నల్లగానే ఉంది, శబ్దం మా హాలుకు సరిపోతుంది. ఈ మూడు వారాలూ నేను పోట్లాడింది ఒక్క మోషన్ స్మూతింగ్‌తోనే, అంటే కదలికను నున్నగా చేయడానికి టీవీ తనంతట తాను మధ్య బొమ్మలు చేర్చే సదుపాయంతోనే. డబ్బా విప్పి ప్లగ్గు పెట్టిన క్షణం నుంచే అది ఆన్‌లో ఉంటుంది.

మొదటి రాత్రి 1957 నాటి ‘మాయాబజార్’ పెట్టాను. ఇంటికి ఏ టీవీ వచ్చినా ముందు ఆ సినిమాయే చూడడం నా అలవాటు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే తెరకెక్కించిన వెన్నెల సరిగా కనిపిస్తే ఆ టీవీ మీద నాకు సగం నమ్మకం కుదురుతుంది. వెన్నెల బాగానే కాసింది. ఘటోత్కచుడు భోజనానికి కూర్చున్నాకే వ్యవహారం చెడింది. లడ్డూలు వాటంతటవే లేచి ఎస్వీ రంగారావు గారి నోట్లోకి వెళుతుంటే, ఒక్కొక్క లడ్డూ అంచునా నీళ్లలో కదిలినట్టు ఒక మసక ఏర్పడి, నోటి దగ్గరకు వచ్చేసరికి లడ్డూ ఏదో మీసం ఏదో తెలియకుండా కలిసిపోయింది. పైగా సినిమా మొత్తం నిన్న ఏదో స్టూడియోలో వీడియో కెమెరాతో తీసిన సీరియల్‌లా నున్నగా జారిపోతోంది.

ఇది ఎందుకు జరుగుతుందో చెప్పాలంటే మా మేనమామను తలుచుకోవాలి. ఆయన గాంధీనగర్‌లో ఒక థియేటర్‌లో ఆపరేటర్‌గా పనిచేసేవారు. రీలు తెగినప్పుడు కత్తిరించగా మిగిలిన ఫిల్ము ముక్కలు నాకు తెచ్చి ఇచ్చేవారు. ఒకసారి ఒక ముక్కను, పూలమ్మి మల్లెపూలు కొలిచినట్టు, మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిచి, "మూరెడు ఫిల్ముకు ఒక సెకనురా, అందులో 24 బొమ్మలుంటాయి" అన్నారు. నేను నమ్మక, డాబా మీద ఎండకు పట్టుకుని లెక్కపెట్టాను. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు కనుక అడుగున్నర మూరకు ఆయన లెక్క సరిగ్గా సరిపోతుంది. మన పాత టీవీ ప్రసారాలు సెకనుకు 50 ఫీల్డులతో, అంటే 50 సగం బొమ్మలతో నడిచేవి. వీడియోలో కదలిక నున్నగానూ, సినిమాలో కదలిక కాస్త బరువుగానూ అనిపించడం ఈ తేడా వల్లనే. ఈ టీవీ రెండు ఫ్రేములను చూసి, మధ్యలో ఏముండవచ్చో ఊహించి, లేని బొమ్మలను పుట్టిస్తోంది. లడ్డూ దగ్గర ఆ ఊహ తప్పింది.

నాకు టీవీ కార్యక్రమాలంటే చులకన ఉందనుకోకండి. శుక్రవారం చిత్రలహరి కోసం యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని డాబా మీద నుంచి అరిచినవాణ్ణి. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’ను పాటల కంటే బాలు గారి మాటల కోసమే ఎక్కువగా చూసినవాణ్ణి. 2001లో మొదలైన ‘అమృతం’ వచ్చే వేళకు మా ఇంట్లో అన్నం పళ్లాలన్నీ హాల్లోకి వచ్చేవి. వాటిని వాటిలాగానే చూశాను, సినిమాను సినిమాలాగానే చూడాలనుకుంటున్నాను.

60 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ చూపించే తెర అయితే సినిమా 24 ఫ్రేములు అందులో సమంగా ఇమడవు. ఒక ఫ్రేమును రెండుసార్లు, తరువాతిదాన్ని మూడుసార్లు చూపించవలసి రావడంతో కదలిక తడబడుతుంది కాబట్టి, ఈ సదుపాయానికి అక్కడ ఏదో ఒక సాకు ఉంది. ఇది 120 హెర్ట్జ్ తెర. ప్రతి ఫ్రేమునూ అయిదుసార్లు చూపిస్తే సరిపోయే చోట కొత్త బొమ్మలు పుట్టించవలసిన అవసరం ఏమిటో నాకు అర్థం కాలేదు. 2018లో టామ్ క్రూజ్ అంతటివాడు దీన్ని ఆపివేయమని ప్రత్యేకంగా వీడియో చేశాడు. మరుసటి ఏడాది, స్మూతింగ్ లాంటివి ఆపేసి సినిమాను తీసినవారు ఉద్దేశించినట్టే చూపించే ఫిల్మ్‌మేకర్ మోడ్ అనేదాన్ని ప్రకటించారు. ఈ టీవీలో ఆ మోడ్ లేదు. స్మూతింగ్‌ను ఆపాలంటే ఆరు మెనూలు దిగాలి, ఒక్కొక్క హెచ్‌డీఎంఐ పోర్టుకూ విడివిడిగా ఆపాలి. అంతా చేసి ఊపిరి పీల్చుకున్న తరువాత గత ఆదివారం సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చి అన్నింటినీ తిరిగి ఆన్ చేసింది. కోపంతో రిమోట్‌ను సోఫా మీదకు విసిరేశాను. రిమోట్ మాత్రం గట్టిదే.

సినిమాలు చూడడానికే టీవీ కొనేవారికి దీన్ని నేను సిఫారసు చేయను. క్రికెట్ కోసమైతే నిరభ్యంతరంగా తీసుకోండి, బంతి చక్కగా కనిపిస్తుంది. రేపు దీన్ని ఈ గోడ నుంచి దించి అమ్మ గదిలో పెడుతున్నాను. ఆమె సాయంత్రం సీరియళ్లన్నీ స్మూతింగ్ ఆన్‌లో ఉంచే చూస్తూ, బొమ్మ ఎంత బాగుందోనని మురిసిపోతున్నారు. ‘మాయాబజార్’ను మాత్రం తొమ్మిదేళ్ల నాటి మా పాత టీవీలో మళ్లీ మొదటి నుంచి చూస్తాను.